పికప్‌కు వెనక షాకబ్జర్లు: గ్యాసా ఆయిలా అనే ముందు కమాన్ కట్టలు చూడండి

జడ్చర్ల వైపు నుంచి ఒకన్న అడిగింది ఇదీ: ఎనిమిదేళ్ల బొలేరో పికప్, వెనక కుడివైపు షాకబ్జర్ ఆయిల్ కారుతోంది. మెకానిక్ ఒక్కటి మారిస్తే చాలంటున్నాడు, షాపతను గ్యాస్‌వి వేసుకోమంటున్నాడు, తోటి డ్రైవర్లేమో రీకండిషన్ జత చవగ్గా వస్తుందంటున్నారు. ఏది వేయాలి?

నాదీ బొలేరో పికప్పే, 1.7 టన్నుల మోడల్. మాది నల్లగొండ దగ్గర ఊరు. సీజన్లో బత్తాయి, మిగతా రోజుల్లో ఎరువుల బస్తాలు, సిమెంటు, పెళ్లి సామాను, ఏది తగిలితే అది. ఈ బండికి ఇప్పటికి మూడుసార్లు వెనక షాకులు మార్చాను. అందులో రెండుసార్లు తప్పు చేశాను. ఆ తప్పులకు డబ్బులు నేనే కట్టాను కాబట్టి మీకు ఫ్రీగా చెప్తున్నా.

ఒక్కటి మార్చే మాట మర్చిపోండి. కొత్తది ఒకవైపు గట్టిగా పట్టుకుంటుంది, పాతది రెండోవైపు వదిలేస్తుంది. గుంతలో పడ్డప్పుడు బండి వెనక భాగం ఒక పక్కకు గుంజుతుంది. ఎనిమిదేళ్లు కలిసి తిరిగిన జత అది. కుడిది పోయిందంటే ఎడమదానికీ ఎక్కువ రోజులు లేవు. ఒక యాక్సిల్‌కు రెండూ కలిపే మార్చాలి. ముందువి కారకపోతే వాటిని ఇప్పుడు కదిలించాల్సిన పనిలేదు.

అసలు కారుతోందా లేదా అన్నది కూడా ఒకసారి సరిచూసుకోండి. పైన రాడ్డు బయటికొచ్చే చోట సన్నగా చెమ్మ ఉండి దానికి దుమ్ము అంటుకోవడం మామూలే. షాకును పాత గుడ్డతో శుభ్రంగా తుడిచి రెండు రోజులు బండి నడపండి. ఆయిల్ గీతలా కిందిదాకా దిగి, అడుగున బొట్టు కడితే రాడ్డు చుట్టూ ఆయిల్‌ను ఆపే సీల్ పోయినట్టే.

ఇక అసలు విషయం. షాకబ్జర్ బరువు మోయదు. బరువు మోసేది కమాన్ కట్ట, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఇనుప పట్టీల కట్ట (లీఫ్ స్ప్రింగ్). గుంతలో పడి లేచిన కట్ట అదే పనిగా ఊగకుండా ఆపడమే షాకు పని. లోపల పిస్టన్ కదులుతుంటే ఆయిల్ సన్నటి వాల్వుల్లోంచి దూరి వెళ్లాలి. ఆ తోపులాటలో ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది, అంతే. మనోళ్లు చాలామంది లోడు వేయగానే బండి వెనక కూర్చుంటోందని షాకులు మారుస్తారు. నేనూ అదే చేశాను. కట్ట వంపు పోయి సాపైతే, పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టు లూజైతే, కట్ట కొసన ఉండే షాకిల్ బుష్షులు అరిగితే ఎంత ఖరీదైన షాకు వేసినా బండి లేవదు.

కాబట్టి కొనడానికి వెళ్లే ముందు ఒక పని చేయండి. ఖాళీ బండిని సమంగా ఉన్న నేల మీద నిలబెట్టండి. పెట్రోల్ బంకు సిమెంటు నేలైతే బాగుంటుంది. చక్రం మధ్య నుంచి పైన బాడీ అంచు వరకు టేపుతో రెండువైపులా కొలవండి. ఒకవైపు బాగా తక్కువ వచ్చిందంటే ముందు వెళ్లాల్సింది కమాన్ పని చేసేవాళ్ల దగ్గరికి.

నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. బత్తాయి లోడుకు వెనక కూర్చుంటోందని రెండు పట్టీలు అదనంగా ఎక్కించాను. బండి వెనక దాదాపు రెండంగుళాలు లేచింది. చూడ్డానికి బాగుంది, నేనూ మురిసిపోయాను. షాకులు మాత్రం కంపెనీ పొడవువే వేయించాను. వెనక భాగం లేచింది కదా, అంటే ఖాళీ బండిలో షాకు అప్పటికే సాగి ఉంది. చక్రం గుంతలోకి దిగితే అది ఇంకా సాగాలి, సాగడానికి చోటు లేదు. స్పీడ్ బ్రేకర్ దాటిన ప్రతిసారీ కింద టక్కుమని సుత్తితో కొట్టినట్టు చప్పుడు. బుష్షేమో అనుకుని నెల రోజులు తిరిగాను. ఒకరోజు చండూరు రోడ్డులో దిగి కిందికి తొంగి చూస్తే, పై కన్ను, అంటే బోల్టు దూర్చే రింగు, వెల్డింగు దగ్గర తెగి షాకు ఒంటికాలి మీద వేలాడుతోంది. అది షాకు చేసిన కంపెనీ తప్పు కాదు, పూర్తిగా నాదే.

అందుకే పట్టీలు ఎక్కించిన బండైతే పొడవు కొలవకుండా షాకు కొనొద్దు. పై కన్ను బోల్టు మధ్య నుంచి కింది కన్ను బోల్టు మధ్య వరకు ఖాళీ బండికి ఒకసారి, రోజూ వేసే లోడుతో ఒకసారి కొలిచి కాగితం మీద రాసుకోండి. షాపులో కొత్త షాకును పూర్తిగా లాగి ఒక కొలత, పూర్తిగా నొక్కి ఒక కొలత తీయండి. ఖాళీ బండి కొలత కంటే లాగిన పొడవు బాగా ఎక్కువ ఉండాలి. లోడు బండి కొలత కంటే నొక్కిన పొడవు బాగా తక్కువ ఉండాలి. యాక్సిల్ పైకొచ్చి ఛాసీకి కొట్టుకోకుండా ఆపే బంప్ స్టాపర్ రబ్బరు తగిలే లోపే షాకు అడుగుకు కొట్టుకుంటే లోపలి వాల్వు పగులుతుంది. టేపు తీస్తే షాపతను నవ్వుతాడు, నవ్వనీయండి.

గ్యాసా ఆయిలా అన్నదానికి వస్తే, గ్యాస్ షాకులో ఆయిల్ ఉండదని కొందరనుకుంటారు. రెండింట్లోనూ పని చేసేది ఆయిలే. మామూలు ఆయిల్ షాకులో గొట్టం లోపల ఇంకో గొట్టం, పైన కొంచెం గాలి ఉంటాయి. గుంతల రోడ్డు మీద ఆపకుండా తోలితే ఆ గాలి ఆయిల్‌లో కలిసి నురగ కడుతుంది. నురగలో పిస్టన్‌కు పట్టు దొరకదు, బండి పడవలా ఊగుతుంది. ఆ గాలి బదులు తక్కువ ప్రెషర్‌లో నైట్రోజన్ నింపితే నురగ తగ్గుతుంది. అదే రెండు గొట్టాల గ్యాస్ షాకు. ఒకే గొట్టంలో ఎక్కువ ప్రెషర్ నింపి, ఆయిల్‌కూ గ్యాస్‌కూ మధ్య కదిలే బిళ్ల పెట్టేది ఇంకో రకం, దాన్ని మోనోట్యూబ్ అంటారు. వేడిని తట్టుకోవడంలో ఈ మూడింట్లో అదే మేలు. కానీ దాంట్లో పిస్టన్ నడిచేది బయటి గొట్టంలోనే. మా బావమరిది కొల్లాపూర్ వైపు మామిడి లోడ్లు కొడతాడు, ముచ్చటపడి అవే వేయించాడు. తోట బాటలో టైరు ఎగరేసిన రాయి తగిలి గొట్టానికి సొట్ట పడింది, పిస్టన్ అక్కడే ఇరుక్కుపోయింది. రెండు గొట్టాల షాకైతే ఆ సొట్ట బయటి గొట్టంతో పోయేది. మన మొరం బాటలకు, చెలకల్లోకి దిగే బండికి రెండు గొట్టాలదే మేలని నా అభిప్రాయం.

గట్టిదనం గురించి ఇంకో మాట. కారైతే మనుషుల బరువు అటూ ఇటూగా ఒకేలా ఉంటుంది. మన బండి అలా కాదు. పోయేటప్పుడు టన్నున్నర, వచ్చేటప్పుడు ఖాళీ క్రేట్లు. మరీ గట్టి షాకులు వేస్తే లోడు మీద రాజాలా పోతుంది గానీ, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వెనక చక్రాలు కప్పలా ఎగురుతాయి. వానాకాలంలో అట్లా ఎగిరే చక్రం మీద బ్రేకు వేస్తే బండి జారుతుంది. మీ నెల లెక్క చూసుకోండి. సగం కిలోమీటర్లు ఖాళీగానే తిరుగుతుంటే కంపెనీ గట్టిదనమే చాలు. రోజంతా నిండు లోడే అంటే హెవీ డ్యూటీ అడగండి.

షాపులో చేత్తో నొక్కి చూపించి "ఎంత గట్టిగుందో చూడన్నా" అంటారు. దాన్ని నమ్మొద్దు. చాలా షాకులు నొక్కేటప్పుడు సులువుగా దిగుతాయి, లాగేటప్పుడే బిగువు చూపిస్తాయి. కట్ట పైకి ఎగరకుండా ఆపాలి కాబట్టి అట్లా చేస్తారు. పైగా చేతి వేగం వేరు, అరవైలో గుంతలో పడ్డప్పటి వేగం వేరు. చూడాల్సిందల్లా నొక్కినా లాగినా మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువుతో కదులుతోందా, మధ్యలో ఎక్కడైనా పట్టు వదిలి ఖాళీగా జారుతోందా అని. కొత్త రెండు గొట్టాల షాకు పడుకోబెట్టి ఉంటే మొదట అట్లా జారొచ్చు, నిలబెట్టి నాలుగైదుసార్లు ఆడించాక చూడండి.

రీకండిషన్ సంగతి నా రెండో తప్పు. ఒకచోట పాత షాకులు కోసి, ఆయిల్ నింపి, సీల్ మార్చి, నల్లరంగు కొట్టి అమ్ముతుంటే జత తెచ్చాను. కొత్తవాటిలో సగం ధర కూడా లేదు. రెండు నెలలు బాగానే నడిచాయి. తర్వాత ఒకరాత్రి బాటసింగారం మార్కెట్‌కు బత్తాయి లోడుతో పోతున్నాను. చిట్యాల దాటాక ముందు లారీ ఒక్కసారిగా ఆగింది. బ్రేకు వేశాను. బండి ఆగడం సంగతి తర్వాత, వెనక భాగం కుడికి, ఎడమకి, మళ్లీ కుడికి ఊగింది. స్టీరింగ్ పట్టుకున్న చేతులు పక్కకు ఆపాక కూడా వణుకుతూనే ఉన్నాయి. పొద్దున చూస్తే రెండింట్లోనూ ఆయిల్ లేదు, టైరు మీద గిన్నెలు గిన్నెలుగా అరుగుడు. మిగిల్చిన డబ్బు ఆ టైర్లకే పోయింది. పాత రాడ్డు మీద సన్నటి గీత ఉంటే చాలు, కొత్త సీల్‌ను అదే కోసేస్తుంది.

కంపెనీల విషయంలో ఫలానాదే కొనమని ఒట్టు పెట్టను. గాబ్రియేల్, మన్‌రో పేర్లు మన షాపుల్లో దొరుకుతాయి. గాబ్రియేల్ ఇండియా 1961 నుంచి ఉన్న కంపెనీ. పేరు కంటే పార్టు నంబరు ముఖ్యం. ఒకే బండిలో ఏడాదిని బట్టి, బరువు మోడల్‌ను బట్టి షాకు మారుతుంది. "బొలేరోది ఇవ్వు" అంటే ప్యాసింజర్ బొలేరోది ఇచ్చినా ఇస్తారు. ఆర్సీ ఫోటో, పాత షాకు మీది నంబరు చూపించి అడగండి, బిల్లు తీసుకోండి. డూప్లికేట్లు బాగానే తిరుగుతున్నాయి.

బిగించేటప్పుడు మీరు పక్కనే ఉండండి. రెండు గొట్టాల షాకును నిట్టనిలువుగా పట్టుకుని పూర్తిగా లాగి, నొక్కి, నాలుగైదుసార్లు ఆడించాకే ఎక్కించాలి. లేకపోతే లోపల గాలి ఇరుక్కుని మొదటిరోజే చప్పుడు చేస్తుంది. మెరిసే రాడ్డును ప్లయర్‌తో పట్టనీయొద్దు. బోల్టులు చేత్తో ఎక్కించి, జాకీ దించి, బండి చక్రాల మీద నిలబడ్డాకే గట్టిగా బిగించాలి. గాల్లో వేలాడుతున్నప్పుడే బిగిస్తే బండి దించగానే బుష్షు రబ్బరు మెలితిరుగుతుంది, కొన్నాళ్లకే చినుగుతుంది. మెకానిక్ విసుక్కుంటే ఒక చాయ్ చెప్పండి.

ఇంకో చిన్న లెక్క. ఆర్సీలో లేడెన్ బరువు (లోడుతో కలిపి మొత్తం) లోంచి అన్‌లేడెన్ బరువు (ఖాళీ బండి) తీసేస్తే మీ బండి మోయగలిగింది వస్తుంది, డ్రైవర్ బరువు కూడా అందులోదే. దానికి మించి రోజూ వేస్తుంటే నేనిక్కడ చెప్పిన ఏ షాకూ నిలవదు. నా బండికి ఎక్కించిన పట్టీల్లో ఒకటి తీయించేశాను. మూడోసారి కొలతలు సరిచూసుకుని రెండు గొట్టాల గ్యాస్ హెవీ డ్యూటీ జత వేశాను. రెండు బత్తాయి సీజన్లు గడిచాయి, ఇంకా పొడిగానే ఉన్నాయి.

మీ బండికి నేనైతే ఇలా చేస్తాను: కట్టలు, బుష్షులు చూపించి, అవి బాగుంటే మీ మోడల్ నంబరుకు సరిపోయే రెండు గొట్టాల కొత్త జత. పట్టీలు ఎక్కించలేదంటే కొలతల గొడవ కూడా లేదు. వేశాక గుంతల బాట మీద పది కిలోమీటర్లు తోలి, వెంటనే దిగి, రెండు షాకుల గొట్టాల మీద వేలు ఇట్టే తాకించి తీయండి. కాలొచ్చు, గట్టిగా పట్టుకోకండి. రెండూ ఒకేలా వేడెక్కి ఉంటే రెండూ పని చేస్తున్నట్టు. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే చల్లగా ఉన్నది ఊరికే వేలాడుతోందన్నమాట, బిల్లు పట్టుకుని అదేరోజు షాపుకు పోండి.