ధ్వనితో మైక్రోవేవ్‌ను వడగట్టడం: ఎంటెక్ ప్రాజెక్టుకు పనికొస్తుందా?

ధ్వని కిలోహెర్ట్జ్‌ల దగ్గరే ఆగిపోతుంది కదా, గిగాహెర్ట్జ్‌లలో ఉండే మైక్రోవేవ్ సంకేతాన్ని అది ఎలా వడగడుతుందని, అంటే అందులోంచి ఒక్క పౌనఃపున్యాన్నే ఎలా ఏరుతుందని అడిగారు. అక్కడ ఆగేది మన చెవి, ధ్వని కాదు. మామూలు టెలికాం ఫైబర్‌లో 1550 నానోమీటర్ల పంప్ లేజర్‌కు (శక్తినిచ్చే బలమైన కాంతికి) ఎదురుగా దాదాపు 10.8 గిగాహెర్ట్జ్ తక్కువ పౌనఃపున్యంతో మరో కాంతి వస్తే, రెండూ కలిసి గాజును లయగా నొక్కి ఆ తేడా పౌనఃపున్యంలోనే ధ్వనిని పుట్టిస్తాయి. ఆ ధ్వని పంప్ శక్తిని రెండో కాంతికి మళ్లించి దాన్ని పెంచుతుంది. దీనికి మూలం లియోన్ బ్రిల్వా 1922లో చెప్పిన పరిక్షేపణ (ధ్వని తరంగాల వల్ల కాంతి చెదరడం). ఆ ధ్వని కొన్ని నానోసెకన్లలోనే అణగిపోతుంది. అయినా ఆలోపు పదులకొద్దీ సార్లు ఊగుతుంది కనుక, అది స్పందించే పౌనఃపున్యాల పట్టీ వెడల్పు 20, 30 మెగాహెర్ట్జ్‌లే ఉంటుంది.

నాకు బాగా నచ్చేది ఆ తరువాతి ఎత్తుగడ. మైక్రోవేవ్ సంకేతాన్ని ఫేజ్ మాడ్యులేటర్‌తో (కాంతి తరంగపు దశను మార్చే పరికరంతో) కాంతి మీదికి ఎక్కిస్తే, ఆ కాంతి పౌనఃపున్యానికి రెండు పక్కలా సైడ్‌బ్యాండ్‌లు, అంటే సంకేతాన్ని మోసే పక్క పౌనఃపున్యాలు వస్తాయి. కాంతిని తిరిగి విద్యుత్ సంకేతంగా మార్చే డిటెక్టర్ దగ్గర అవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, ఏమీ బయటికి రాదు. ధ్వని వాటిలో ఒకదాన్ని ఒక్క ఇరుకు చోట పెంచితే తూకం తప్పి, ఆ పౌనఃపున్యం మాత్రం బయటపడుతుంది. పంప్‌ను జరిపితే ఫిల్టరూ జరుగుతుంది.

నా ఎంటెక్‌లో పంప్‌కు ఒకటి, సంకేతానికి ఒకటి చొప్పున రెండు డీఎఫ్‌బీ లేజర్లు (టెలికాంలో వాడే ఒకే రంగు సెమీకండక్టర్ లేజర్లు) పెట్టాను. ఏ పౌనఃపున్యం ఎంత బయటికి వస్తుందో గీసి చూపే నెట్‌వర్క్ అనలైజర్ తెర మీద ఫిల్టర్ శిఖరం కనబడితే ఎగిరి గంతేశాను. టీ తాగి వచ్చేసరికి అది తెర అంచు దాటిపోయింది. ఏసీ గాలి వల్లే అనుకుని ఫైబర్ చుట్టను థర్మోకోల్ పెట్టెలో పెట్టి రెండు రోజులు వృథా చేశాను. చివరికి మా గైడ్ వచ్చి చూసి, "రెండో లేజర్ ఎందుకయ్యా?" అన్నారు. ఉష్ణోగ్రత మారితే ఫైబర్‌లోని ధ్వని పౌనఃపున్యం డిగ్రీకి సుమారు 1 మెగాహెర్ట్జే జరుగుతుంది. లేజర్ అదే డిగ్రీకి 10 గిగాహెర్ట్జ్‌లకు పైగా జరుగుతుంది. అంటే డిగ్రీలో నూరో వంతు మారినా ఫిల్టర్ తన వెడల్పుకు మూడు, నాలుగు రెట్లు పక్కకు పోతుంది! ఒకే లేజర్‌ను రెండుగా చీల్చి, ఒక పాయను మాడ్యులేటర్‌తో కావలసినంత జరిపి పంప్‌గా వాడాక, లేజర్ జరిగినా రెండు పాయలూ కలిసే జరుగుతాయి కనుక శిఖరం కుదురుకుంది.

కాబట్టి మీ ల్యాబ్‌లో రెండు మాడ్యులేటర్లు, పంప్ కాంతిని బలపరిచే ఒక ఫైబర్ యాంప్లిఫయర్, కిలోమీటరు ఫైబర్ ఉంటే నిశ్చింతగా తీసుకోండి. సిడ్నీ విశ్వవిద్యాలయం వారిలా చిప్ మీద చేయాలనుకుంటే మాత్రం ఎంటెక్ కాలం చాలదు. ఇంకొకటి, పంప్, సంకేతాల ధ్రువణం (కాంతి తరంగం ఊగే దిశ) కలవకపోతే ధ్వని ఇచ్చే పెంపు పడిపోతుంది. పరికరాలను కలిపే పొట్టి ఫైబర్ తీగను (ప్యాచ్ కార్డును) ఎవరైనా మోచేత్తో కదిపినా చాలు. మేము ఆ తీగలను బల్లకు టేపుతో అతికించేశాం.