పాత కేబుళ్లు కూడా పీకెయ్యి, చిన్నీ

చిన్నీ,

నీ డెస్క్‌టాప్‌లో తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డూ, పార్టులన్నిటికీ కరెంటు పంచే డబ్బా ఎస్ఎమ్‌పీఎస్సూ రెండూ నువ్వే మార్చుకుంటానంటున్నావని వదిన ఫోన్‌లో చెప్పింది. "కరెంటుతో పని, నువ్వు చెబితే వింటుంది, వద్దని చెప్పు" అంది. నేనెందుకు వద్దంటానే? ఇన్నేళ్లు సర్వీస్ బెంచీ మీద కూర్చున్నదాన్ని. మా ఇంటి పిల్ల స్క్రూడ్రైవర్ పడుతోందంటే నాకు గర్వంగా ఉండదా? ఆ మాట వదినతో అనలేదులే. నేను మాట్లాడతానని చెప్పి ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక నాకూ టెన్షన్ మొదలైంది.

మీ అమ్మ భయం వేరు, నా భయం వేరు. నీకు షాక్ కొడుతుందని ఆవిడ బాధ. ప్లగ్ పీకేసి, ఎస్ఎమ్‌పీఎస్ డబ్బాని విప్పకుండా ఉంటే షాక్ కొట్టడానికేమీ లేదు. విప్పితే మాత్రం ఊరుకోను. ప్లగ్ పీకిన తర్వాత కూడా లోపల కరెంటు నిలవ చేసుకునే పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైనే కాసేపు నిలిచి ఉండొచ్చు. ఆ డబ్బా స్క్రూల జోలికి నువ్వు వెళ్లనక్కర్లేదు. నాకు దిగులల్లా కేబుళ్ల గురించి. అక్కడికే వస్తున్నాను, కాస్త ఆగు.

ఏ కార్డు కొనాలో నన్ను అడగలేదు, నేనూ చెప్పను. గేముల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. కానీ స్పీడు చూసే ముందు వాట్లు చూడు. మదర్‌బోర్డు, అంటే పార్టులన్నీ గుచ్చే పెద్ద బోర్డు, దాని స్లాట్ నుంచి కార్డుకి వచ్చేది 75 వాట్లు, అంతే. అంతకు మించి కావాలంటే 6 పిన్నుల కేబుల్‌తో ఇంకో 75, 8 పిన్నుల కేబుల్‌తో 150. ఎన్విడియా కంపెనీ కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 4060 తినేది 115 వాట్లు, 3060 అయితే 170, 4070 అయితే 200. మొత్తం కంప్యూటర్‌కి కలిపి 4060తో 550 వాట్ల ఎస్ఎమ్‌పీఎస్ ఉండాలని ఎన్విడియా వాళ్లే చెబుతారు. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం ఉంది, 70 వాట్లతో సరిపెట్టుకుంటుంది, చాలా మోడళ్లకు విడిగా పవర్ కేబులే అక్కర్లేదు. అది తీసుకుంటే ఎస్ఎమ్‌పీఎస్‌ని ముట్టుకునే పనే ఉండదు. ఒకసారి ఆలోచించు. ఆలోచించవని తెలుసు, అయినా చెప్పాను.

కొనే ముందు స్కేలు పట్టుకుని కొలువు. వెనకవైపు రేకు దగ్గర్నుంచి ముందు ఫ్యాన్ దాకా ఎంత పొడవుందో, స్లాట్ కింద ఎంత మందానికి చోటుందో చూడు. సైడ్ ప్యానెల్‌కీ కార్డుకీ మధ్య కేబుల్ వంగడానికి కూడా జాగా కావాలి. కార్డుకి కొత్త రకం 16 పిన్నుల సాకెట్ ఉంటే, కనెక్టర్ నుంచి కనీసం 35 మిల్లీమీటర్లు కేబుల్‌ని వంచకూడదు. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర ఆ కనెక్టర్లు కరిగిపోయాయని పెద్ద గొడవైంది కదా, చాలావాటిలో కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగలేదని తేలింది. చివరిదాకా నొక్కు.

ఇప్పుడు ఎస్ఎమ్‌పీఎస్. నీది కంపెనీ బిగించి ఇచ్చిన కంప్యూటర్. అసలు తిరకాసు అక్కడే. సైడ్ ప్యానెల్ తీసి మదర్‌బోర్డు అంచున ఉండే వెడల్పాటి పవర్ కనెక్టర్ చూడు. రెండు వరుసల్లో పన్నెండేసి, మొత్తం 24 పిన్నులుంటే సగం గండం గడిచినట్టే. ఆరో, ఎనిమిదో, పదో ఉంటే అది బయట దొరికే మామూలు ఎస్ఎమ్‌పీఎస్‌కి నేరుగా కుదరదు. అలాంటి బోర్డుల్లో డిస్కులకి కరెంటు కూడా తరచూ మదర్‌బోర్డు నుంచే వెళ్తుంది. కొన్నిటికి అడాప్టర్ కేబుళ్లు దొరుకుతాయి. నాకైతే అవి నచ్చవు. ఎవరు చేశారో, ఏ తీగ ఎటు కలిపారో తెలియని ముక్కని మధ్యలో పెట్టి కంప్యూటర్ మొత్తాన్ని దాని చేతికి అప్పగించడం నాకు చేతకాదు. డబ్బా కొలతలు కూడా చూసుకో. మామూలు ఏటీఎక్స్ (డెస్క్‌టాప్ పార్టులకి పెట్టుకున్న స్టాండర్డ్) డబ్బా వెడల్పు 150 మిల్లీమీటర్లు, ఎత్తు 86. చిన్న కేబినెట్‌లో అది పట్టదు.

24 పిన్నులున్నా సరే, నీ మోడల్‌లో మామూలు ఎస్ఎమ్‌పీఎస్ వేసినవాళ్లు ఉన్నారో లేదో కనుక్కో. 1990ల చివర్లో డెల్ డెస్క్‌టాప్‌లు కొన్ని వచ్చాయి. కనెక్టర్ చూడ్డానికి అచ్చం అప్పటి 20 పిన్నుల ఏటీఎక్స్ లాగే ఉండేది, లోపల తీగల వరస మాత్రం వేరు. మామూలు ఎస్ఎమ్‌పీఎస్ తెచ్చి గుచ్చితే చక్కగా దూరేది. ఆన్ చేస్తే బోర్డు పోయేది. దూరింది కదా అని కుదిరిందనుకోకూడదని మా బెంచీ మీద అప్పుడే నేర్చుకున్నాం. మీ నాన్నకి కూడా చెప్పాను. విన్నాడు. విని కూడా చేశాడు.

ఈ సంగతి మీ నాన్న నీకు చెప్పి ఉండడు. నీ చిన్నప్పటి ఫోటోలేవని నువ్వు అడిగినప్పుడల్లా "కంప్యూటర్ పాడైంది కదమ్మా" అని మాట దాటేస్తాడు. ఎలా పాడైందో నేను చెబుతాను, వాడికి కోపం వస్తే రానీ.

నువ్వింకా బడికి కూడా వెళ్లని రోజులు. అన్నయ్య కొత్త ఎస్ఎమ్‌పీఎస్ కొన్నాడు. పాతదీ కొత్తదీ రెండూ సెమీ మాడ్యులర్ రకమే. అంటే మదర్‌బోర్డు కేబుల్ డబ్బాకే అతికి ఉంటుంది, డిస్కుల కేబుళ్లు మాత్రం రెండు వైపులా ఊడొస్తాయి. మీ నాన్న పనితనం నీకు తెలుసుగా. కేబినెట్ వెనక, రేకు చాటున, డిస్కులకి వెళ్లే కేబుల్‌ని జానెడుకొక టై చొప్పున కట్టి, ఒక్క తీగ కూడా బయటికి కనపడకుండా సర్దుకున్నాడు. అదంతా విప్పి మళ్లీ కట్టడానికి మనసొప్పలేదు. డబ్బా ఒక్కటే మార్చి, పాత కేబుల్ చివరని కొత్త డబ్బా సాకెట్‌లో గుచ్చాడు. ఎక్కడా బలవంతం చెయ్యలేదు. టక్కుమని కూర్చుందట.

ఆన్ చేస్తే ఫ్యాను తిరిగింది, స్క్రీన్ వచ్చింది. డిస్కు లేదంటోంది. నాకు ఫోన్ చేసి "డిస్కు కనపడట్లేదే, కేబుల్ లూజేమో" అన్నాడు. వాసనొచ్చిందా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు.

వెళ్లి చూశాను. డిస్కు అడుగున ఉండే పచ్చ బోర్డు మీద, పవర్ కనెక్టర్ పక్కనే, బియ్యపు గింజంత నల్ల ముక్క ఒకటి నడిమికి పగిలి ఉంది. ఓల్టేజీ పెరిగితే తాను షార్ట్ అయి మిగతా బోర్డుని కాపాడ్డానికి పెట్టే డయోడ్ అది. కేబుల్ చివర మల్టీమీటర్ పెట్టాను. 5 వోల్టులు రావాల్సిన చోట 12 చూపించింది. తీగ మంచిదే, డబ్బా మంచిదే. కానీ డబ్బా వైపు సాకెట్‌లో ఏ పిన్ను ఏ ఓల్టేజీ అన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది. డిస్కు వైపు చివరకి స్టాండర్డ్ ఉంది, కార్డు వైపు చివరకీ ఉంది. ఇన్ని స్టాండర్డులు రాసుకున్నవాళ్లు ఆ ఒక్క చివర గురించి మాత్రం ఏమీ రాయలేదు. ఒకే కంపెనీ రెండు మోడళ్లకే కలవని సందర్భాలున్నాయి. నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒక్కోసారి ఆ డయోడ్ తీసేస్తే డిస్కు బతుకుతుంది. తీసి చూశాం, బతకలేదు. అదే మోడల్ డిస్కు ఇంకోటి సంపాదించి, దాని బోర్డు వేసి, పాత బోర్డు మీది రోమ్ చిప్పు, అంటే ఆ డిస్కు సొంత వివరాలు దాచుకునే ముక్క, దాన్ని కూడా ఊడదీసి దీనికి టంకం వేశాను. డిస్కు తిరిగింది. అన్నయ్య మొహం చూడాలి అప్పుడు. కానీ లోపల డేటా చదివే హెడ్ల దగ్గర ఉండే చిప్పు కూడా పోయిందో ఏమో, టిక్కు టిక్కు మని కొట్టుకుందే తప్ప ఒక్క ఫైలూ చదవలేదు.

బ్యాకప్ లేదా అంటావా? ఉంది. రెండో డిస్కు. అదే కేబినెట్‌లో, అదే కేబుల్ మీద. రెండూ ఒకేసారి పోయాయి.

పళ్లు రాని నీ నవ్వూ, గోడ పట్టుకుని నువ్వు నడిచిన వీడియో, అన్నీ వాటిలోనే ఉన్నాయి. ఇది అజాగ్రత్త మనిషి చేసిన పనైతే నీకు ఇంత పొడుగు ఉత్తరం రాయను. మీ నాన్న పొందికైన మనిషి, ఆ పొందిక చెడుతుందనే పాత కేబుల్ ఉంచేశాడు. నీ టేబుల్ వెనక కేబుళ్లు ఎలా కట్టి ఉన్నాయో పోయినసారి వచ్చినప్పుడు చూశాను. నీదీ మీ నాన్న చెయ్యే. అందుకే నా భయం.

కాబట్టి కొత్త డబ్బా వస్తే దాని కేబుళ్లే వాడు. పాతవి ఎంత పొట్టివైనా, ఎంత అందంగా ఉన్నా, మొత్తం పీకి పాత డబ్బాతోపాటే అట్టపెట్టెలో పడెయ్యి. అంతకంటే ముందు నీకు కావాల్సిన ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి ఎక్కించి, దాన్ని ఊడదీసి ఇంకో గదిలో పెట్టు. కంప్యూటర్‌లో ఉన్నది బ్యాకప్ కాదు. విండోస్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో కూడా చూడు. బయోస్, అంటే ఆన్ చెయ్యగానే అన్నిటికంటే ముందు నడిచే ప్రోగ్రాం, దాన్ని అప్‌డేట్ చేసినా, అందులో సెట్టింగులు మార్చినా అది 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ముందే కాగితం మీద రాసుకో.

కేబుళ్ల గురించే ఇంకో మాట, విసుక్కోకు. ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నుల కనెక్టర్, కార్డుకి వెళ్లే 8 పిన్నుల కనెక్టర్ కవల పిల్లల్లా ఉంటాయి. ఒకటి నాలుగూ నాలుగుగా విడిపోతుంది, ఇంకోటి ఆరూ రెండుగా. క్లిప్పు వైపు ఒకదానికి 12 వోల్టులు, ఇంకోదానికి గ్రౌండు, పూర్తిగా తలకిందులు. పిన్నుల ఆకారం తేడాగా పెట్టారు కాబట్టి సాధారణంగా దూరవు. మరీ బలం పెట్టాల్సి వస్తోందంటే చెయ్యి తీసెయ్యి, మీద సీపీయూ అనుందో పీసీఐఈ అనుందో చదువు; మొదటిది ప్రాసెసర్‌ది, రెండోది కార్డుది. కార్డుకి రెండు సాకెట్లుంటే డబ్బా నుంచి రెండు కేబుళ్లు వేరువేరుగా తీసుకురా, ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తలలూ గుచ్చకు.

కొనేది 650 వాట్లది కొను, మళ్లీ రెండేళ్లకి కార్డు మారుస్తావు, నాకు తెలుసు. పెట్టె మీద 80 ప్లస్ గోల్డ్ అని ఉంటే కరెంటు తక్కువ వృథా చేస్తుందని అర్థం, లోపలి రక్షణలన్నీ బాగున్నాయని కాదు. ఏటీఎక్స్ 3.0 లేదా 3.1 అని ఉన్నది మేలు. కార్డులు ఉన్నట్టుండి సెకనులో వెయ్యో వంతుకంటే తక్కువసేపు రెట్టింపు కరెంటు లాగుతాయి, దాన్ని తట్టుకునేలా చేసినవి అవి.

బిగించడం పెద్ద పని కాదు. పాత కార్డు ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసి, పాత డ్రైవర్ తీసెయ్యి. షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకో. కేబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకో. వెనక స్క్రూలు విప్పు. కార్డు కింద, స్లాట్ చివర చిన్న లాక్ ఉంటుంది, కంటికి ఆనదు. అది నొక్కకుండా లాగితే స్లాట్ విరుగుతుంది. కొత్తది పెట్టాక మానిటర్ కేబుల్‌ని కార్డుకే పెట్టు. స్క్రీన్ రాలేదని నా దగ్గరికి మోసుకొచ్చిన వాటిలో ఎన్నో ఆ కేబుల్ మదర్‌బోర్డుకి పెట్టినవే.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు మాత్రం డిస్కుల పవర్ కేబుల్ పెట్టొద్దు. బయోస్ తెర కనపడితే ఆపి, ప్లగ్ పీకి, అప్పుడు పెట్టుకో. ఇలా ఎవరూ చెయ్యరు, ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. నా చాదస్తం అనుకుని చెయ్యి.

ఏదీ ఆర్డర్ పెట్టకముందే నాకు మూడు ఫోటోలు పంపు. మదర్‌బోర్డు వెడల్పాటి కనెక్టర్, ఎస్ఎమ్‌పీఎస్ మీది లేబుల్, కార్డు కూర్చునే ఖాళీ. చూసి చెబుతాను. పని రోజున మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకో, టార్చి పట్టుకుంటాడు. "ఈ పాత కేబుల్ బాగానే ఉంది కదా" అంటాడేమో, అంటే నాకు ఫోన్ కలిపి ఇవ్వు.

ఇట్లు,
మీ అత్త