ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొన్ని జట్లే ఏళ్ల తరబడి ఎలా గెలుస్తాయి?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అట్టడుగు జట్టుకే ముందు అవకాశం కదా, మరి కొన్ని జట్లే ఎప్పుడూ పైన ఎందుకుంటాయని అడిగారు. అసలు కిటుకు జీతాల పరిమితిలో, అంటే ఒక జట్టు తన ఆటగాళ్లందరి జీతాలకు ఖర్చు చేయగల గరిష్ఠ మొత్తంలో, ఉంది. డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడి ఒప్పందం నాలుగేళ్లు, జీతం తక్కువ. మంచి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే కీలక ఆటగాడు) ఆ ధరకు దొరికితే మిగిలిన డబ్బుతో చుట్టూ గట్టి జట్టు కట్టుకోవచ్చు.

2017లో కాన్సాస్ సిటీ చీఫ్స్, మరుసటి ఏడాది మొదటి రౌండ్ ఎంపికను కూడా వదులుకుని, డ్రాఫ్ట్ వరుసలో 27 నుంచి 10వ స్థానానికి ఎగబాకి క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్‌ను తీసుకుంది. అప్పటికే అనుభవజ్ఞుడైన క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్ ఉన్నాడు కాబట్టి తొందరపడలేదు. మహోమ్స్‌ను మొదటి సీజన్ దాదాపు అంతా బెంచ్ మీదే ఉంచి నేర్పించింది. నాకు బాగా నచ్చేది ఆ ఓపికే.

బాల్టిమోర్ రేవెన్స్ మాత్రం ఖరీదైన ఆటగాళ్లను వెళ్లనిచ్చి, అందుకు పరిహారంగా లీగ్ ఇచ్చే అదనపు డ్రాఫ్ట్ ఎంపికలను పోగేసుకుంటుంది. ఎవరు రాణిస్తారో ముందే చెప్పలేం కాబట్టి ఎక్కువ ఎంపికలుంటేనే మేలు. ఆటలోనే మేటి క్వార్టర్‌బ్యాక్‌గా పేరొందిన టామ్ బ్రేడీ కూడా 2000 డ్రాఫ్ట్‌లో 199వ ఎంపికే.