టికెట్టు చవకే, సాయంత్రమే ఖరీదు

ప్రశ్న: నా వయసు 28. ఉద్యోగం కోసం పెద్ద నగరానికి వచ్చి ఏడాదైంది. చిత్రకళా ప్రదర్శనలన్నా, కచేరీలన్నా ప్రాణం. చవక టికెట్లే కొంటున్నా నెలాఖరుకు క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతున్నాను. ఒక మ్యూజియంలో ఏడాది సభ్యత్వం తీసుకుని రెండుసార్లే వెళ్లాను. ఈ సరదాకు ఎంత కేటాయించుకోవాలి? సభ్యత్వం కొనసాగించమంటారా?

జవాబు: ముందు కార్డు సంగతి తేల్చుకోండి. పాత బకాయి కొంతైనా మిగిలి ఉంటే చాలా కార్డుల్లో కొత్త కొనుగోళ్లకు వడ్డీ లేని గడువు వర్తించదు. అంటే ఇవాళ కొన్న టికెట్టుకు ఇవాళ్టి నుంచే వడ్డీ. తగ్గింపులో మిగిలిందనుకున్నది అలా బ్యాంకుకు పోతుంది. బాకీ తీరేదాకా టికెట్లకు డెబిట్ కార్డే వాడండి, వీలైనంత వరకు ఉచితంగా చూడగలిగినవే చూడండి. ఉచితమంటే నాసిరకం కాదు, ఆ విషయానికి మళ్లీ వస్తాను.

ఎంత అన్నదానికి నా లెక్క: అద్దె, అప్పులు, పొదుపు పోను, చేతికొచ్చే జీతంలో 5 శాతం దాటకూడదు. దాన్ని నెలవారీ పరిమితిగా మాత్రం పెట్టుకోకండి. కచేరీలు నెలనెలా సమానంగా రావు. సీజన్‌లో వారానికి మూడుంటాయి, తర్వాత రెండు నెలలు ఏమీ ఉండవు. ఖాళీ నెలలో మిగిలింది ఇతర ఖర్చుల్లో కలిసిపోతుంది, సీజన్ రాగానే మళ్లీ కార్డు గీకుతారు. జీతం పడిన మర్నాడే ఆ 5 శాతం వేరే పొదుపు ఖాతాకు దానంతటదే వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకోండి. ఆ ఖాతాలో ఉన్నంతే మీ సీజన్.

ఇక అసలు చిల్లు. మీరు వెళ్లొచ్చిన చివరి మూడు కచేరీల ఖర్చు కాగితం మీద రాయండి. టికెట్టు 100 అనుకుంటే బుకింగ్ రుసుము 15, వెళ్లడానికి 20, విరామంలో తిండీ తాగుడూ 60, రాత్రి క్యాబ్ 120. మొత్తం 315. అంకెలు ఉదాహరణకే గానీ, వరస చాలామందికి ఇలాగే ఉంటుంది. టికెట్టులో 30 తగ్గించుకోవడానికి గంటసేపు వెతికేవాళ్లు ఆఖరి రైలు ఎన్నింటికో చూసుకోరు. టికెట్టు కొనేముందే కచేరీ ఎంతసేపో హాలువాళ్లను అడగండి, దానికి విరామం, బయటపడేందుకు మరో పావుగంట కలుపుకోండి. ఆఖరి బండి అందదనిపిస్తే అదే బృందం మధ్యాహ్నం కచేరీ ఉందేమో చూడండి. ఇంట్లో తిని వెళ్లండి. బుకింగ్ రుసుము టికెట్టుకింత చొప్పునా, ఆర్డరుకింత చొప్పునా అన్నది కూడా గమనించాలి. ఆర్డరుకైతే మిత్రులవి కూడా కలిపి ఒకేసారి కొనండి. టికెట్టుకైతే హాలు కౌంటరులో అడగండి, చాలాచోట్ల అక్కడ ఆ రుసుము ఉండదు.

సభ్యత్వానికి భాగహారం చాలు. సభ్యత్వం ధరను ఒక ప్రదర్శన టికెట్టు ధరతో భాగించండి. 4 వచ్చిందనుకుందాం, అంటే నాలుగుసార్లు వెళ్తేనే గిట్టుబాటు. గత 12 నెలల్లో టికెట్టు ఉన్న ప్రదర్శనలకు అక్కడికి మీరు వెళ్లింది రెండుసార్లు. కాబట్టి వద్దు. ఇక్కడ చాలామంది పొరబడేదేమిటంటే, మ్యూజియంలో ఎప్పుడూ ఉండే శాశ్వత సేకరణ చూడ్డానికి వెళ్లిన రోజుల్ని కూడా కలిపేస్తారు. చాలా మ్యూజియాల్లో ఆ భాగం ఎటూ ఉచితమే. బ్రిటన్ జాతీయ మ్యూజియాల్లో 2001 నుంచి అంతే, ప్రత్యేక ప్రదర్శనలకే టికెట్టు. ఒక అతిథిని ఉచితంగా తీసుకెళ్లే సభ్యత్వమైతే, నిజంగా తోడు వచ్చేవాళ్లుంటే లెక్క మారుతుంది. చాలా సభ్యత్వాలు గడువు తీరగానే వాటంతటవే పునరుద్ధరణ అవుతాయి. రెండు వారాల ముందే ఫోన్లో గుర్తు పెట్టుకుని రద్దు చేయండి.

ఉచితం విషయానికొస్తే, బొమ్మలు అమ్మే ప్రైవేటు గ్యాలరీల్లో చాలావాటికి ప్రవేశ రుసుము ఉండదు, కొనే ఉద్దేశం లేకపోయినా నిరభ్యంతరంగా వెళ్లొచ్చు. టికెట్టు ఉన్న మ్యూజియాలు కూడా కొన్ని వేళల్లో ఉచితంగా రానిస్తాయి. మాడ్రిడ్‌లోని ప్రాడో మూసే ముందు రెండు గంటలు ఇలాగే తెరుస్తుంది. చిక్కు క్యూతోనే. ఉచిత వేళ మొదలయ్యే నిమిషానికే అందరూ చేరతారు. ఓ ముప్పావు గంట ఆగి వెళ్లి, రెండు గదులే చూసి రండి. సంగీత కళాశాలల్లో విద్యార్థుల పరీక్షా కచేరీలు చాలావరకు ఉచితం, పైగా చివరి సంవత్సరం విద్యార్థులంటే వృత్తి కళాకారులయ్యే అంచున ఉన్నవాళ్లు. ఆర్కెస్ట్రాల బహిరంగ రిహార్సల్స్ కూడా చవక, కాకపోతే బృందాన్ని నడిపించే కండక్టర్ మధ్యలో ఆపి ఒకే ముక్కను నాలుగుసార్లు వాయింపించవచ్చు. నన్నడిగితే అదే విశేషం.

చవక సీట్లన్నీ ఒకటి కావు. స్తంభం అడ్డొచ్చే సీటు వాద్య కచేరీకి ఫర్వాలేదు, నాట్యానికి దండగ. ఆర్కెస్ట్రా వెనక సీట్లలో కండక్టర్ ముఖం ఎదురుగా కనిపిస్తుంది, కానీ గాత్రం ఉంటే అక్కడ కూర్చోకండి, పాట అవతలివైపు పోతుంది. వియన్నా స్టేట్ ఒపేరా, లండన్‌లో జరిగే ప్రోమ్స్ సంగీతోత్సవం వంటిచోట్ల నిలబడి వినే టికెట్లు ఉంటాయి. మూడు గంటలు నిలబడగలరా అన్నది ముందే ఆలోచించుకోండి. వయసు రాయితీ కొన్నిచోట్ల 25తో, కొన్నిచోట్ల 30తో ఆగుతుంది. మీకింకా రెండేళ్లున్నాయి, గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి.

ఆఖరి నిమిషంలో ధర పడుతుందన్న ఆశ సీట్లు మిగిలే కచేరీలకే పెట్టుకోండి. పేరున్న గాయకులకు గిరాకీని బట్టి ధర పెరగడమే ఎక్కువ, తగ్గడం అరుదు. అలాంటివి ఏడాదికి ఒకటో రెండో ఎంచుకుని, అమ్మకం మొదలైన రోజే పొదుపు ఖాతాలోంచి కొనేయండి. వాయిదాల పథకం జోలికి పోవద్దు, ఒక్క వాయిదా తప్పితే టికెట్టు రద్దు చేసే షరతులు ఉండొచ్చు. తెలియనివాళ్ల దగ్గర కొనడమూ ప్రమాదమే. ఒకే క్యూఆర్ కోడ్‌ను పదిమందికి అమ్మినా గేటు దగ్గర మొదట స్కాన్ అయినవాళ్లే లోపలికి వెళ్తారు. కచేరీ రద్దయితే టికెట్టు ధర వెనక్కొస్తుంది గానీ బుకింగ్ రుసుము తరచూ రాదు. వాయిదా పడితే మీరేమీ చేయకపోతే కొత్త తేదీకి ఒప్పుకున్నట్టే లెక్క. డబ్బు వాపసు అడిగే గడువు చాలాసార్లు కొద్ది రోజులే కాబట్టి ఆ మెయిల్ వచ్చిన రోజే తేల్చుకోండి.