చిన్న హైస్కూలా, పెద్ద హైస్కూలా? రెండింట్లోనూ చదివాను కాబట్టి చెబుతున్నాను

మీ అమ్మాయి ఎనిమిదో తరగతి పూర్తి చేస్తోంది, రెండు వందల మంది ఉన్న హైస్కూల్లో వేయాలా, మూడు వేల మంది ఉన్నదాంట్లో వేయాలా, తను కొంచెం నెమ్మదస్తురాలు అని అడిగారు. నేను ఎనిమిది, తొమ్మిది తరగతులు చిన్న బడిలో చదివాను. క్లాసులో పదిహేడు మందిమి. పదో తరగతి నుంచి చాలా పెద్ద స్కూలు. అక్కడ నా ఒక్క తరగతికే పది సెక్షన్లు.

చిన్న బడిలో నేను రాకపోతే ఏదో ఒక పని ఆగిపోయేది. అది నాకు దొరికిన పెద్ద వరమని అప్పుడు తెలియలేదు. నాకు ఆటలు రావు. అయినా జట్టుకు పదకొండో మనిషి దొరక్క నన్ను గోల్‌లో నిలబెట్టారు. నాటకం వేస్తే అందరికీ ఏదో ఒక వేషం ఉండేది. స్టేజీ ఎక్కాలంటే భయమని చెబితే టీచర్ కోప్పడలేదు, "మరి ఆ వేషం ఎవరు వేస్తారు?" అని మాత్రం అడిగారు. చుట్టూ చూస్తే ఖాళీగా ఎవరూ లేరు. అలా ఎక్కాను. రెండో ఏడాదికి భయం చాలావరకు పోయింది.

ఇది నా ఒక్కరి అనుభవం కాదు. రోజర్ బార్కర్, పాల్ గంప్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని కాన్సస్‌లో 13 హైస్కూళ్లను పరిశీలించి, 1964లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో అతి చిన్నదాంట్లో 35 మంది, అతి పెద్దదాంట్లో 2,287 మంది విద్యార్థులు. స్కూలు పెరిగేకొద్దీ క్లబ్బులు, ఆటలు, కార్యక్రమాలు పెరుగుతాయి కానీ, పిల్లల సంఖ్య పెరిగినంతగా పెరగవు. దాంతో పెద్ద స్కూళ్లలో ఎక్కువమంది చూసేవాళ్లుగా మిగిలిపోతారు. నన్ను కదిలించింది ఇంకో విషయం. చదువులో వెనకబడ్డ పిల్లలు చిన్న స్కూళ్లలో "నేను కూడా పాల్గొనాలి" అని మిగతావాళ్లంతగానూ అనుకున్నారు. పెద్ద స్కూళ్లలో అలాంటి పిల్లలకు ఆ భావనే చాలా తక్కువ. వాళ్లను ఎవరూ పిలవరు కాబట్టి.

కానీ చిన్న బడిలో తప్పించుకునే చోటు ఉండదు. తొమ్మిదో తరగతిలో నా దగ్గరి స్నేహితురాలు నాతో మాట్లాడటం మానేసింది. పదిహేడు మందిలో ఒకరు మాట్లాడకపోతే మిగతావాళ్లు ఏదో ఒక పక్షం తీసుకోక తప్పదు. నాలుగు నెలలు మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చున్నాను. వేరే సెక్షన్ లేదు, ఇంకో గుంపు లేదు. పైగా మొదట్లో పడిన పేరు చివరిదాకా వదలదు. "ఆ అమ్మాయికి లెక్కలు రావు" అని ఒకసారి అనుకుంటే ప్రతి టీచర్‌కూ అది ముందే తెలిసిపోతుంది. కెమిస్ట్రీ టీచర్ మధ్యలో వెళ్లిపోతే ఆ ఏడాది మాకు పాఠమే సరిగా జరగలేదు. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కరే ఉన్నచోట ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

పెద్ద స్కూల్లో మొదటి కొన్ని నెలలు నిజంగా కష్టం. జ్వరం వచ్చి ఐదు రోజులు వెళ్లకపోతే, తిరిగి వెళ్లిన రోజు ఎవరూ ఏమీ అడగలేదు. అసలు నేను రాలేదని ఎవరూ గమనించలేదు. డిబేట్ జట్టుకు పేరిస్తే ఆరుగురి కోసం వంద మందికి పైగా వచ్చారు. చిన్న బడిలో అన్నిట్లోనూ ఉన్నదాన్ని ఇక్కడ ఒక్కదాంట్లోనూ లేను.

అయితే నాకు లెక్కలు రావన్న సంగతి కూడా అక్కడ ఎవరికీ తెలియదు. లెక్కలకు ముగ్గురు టీచర్లు ఉండేవారు. నాకు అర్థమయ్యేలా చెప్పే ఆవిడ దొరికారు. నక్షత్రాలు చూసే పిచ్చి ఉన్న పిల్లలు ఇంకో పన్నెండు మంది ఉన్నారు. పదిహేడు మందిలో అలాంటి తోడు దొరకడం కష్టం. ఆ పన్నెండు మందితో చిన్న క్లబ్ మొదలైంది. నేను రాకపోతే టెలిస్కోప్ తాళం ఉండేది కాదు. ఆ రోజు నుంచి ఆ స్కూలు నాకు పెద్దగా అనిపించలేదు.

అందుకే స్కూలు సైజుకన్నా, మీ అమ్మాయి రాకపోతే గమనించే గుంపు ఒకటి ఉంటుందా అన్నదే చూడాలని నా అభిప్రాయం. చిన్నదాంట్లో అది దానంతట అదే ఉంటుంది. పెద్దదాంట్లో వెతుక్కోవాలి, లేదా స్కూలే ఏర్పాటు చేయాలి. 1997లో వాలెరీ లీ, జూలియా స్మిత్ అనే పరిశోధకులు అమెరికా హైస్కూళ్లపై చేసిన అధ్యయనంలో 600 నుంచి 900 మంది ఉన్న హైస్కూళ్లలో పిల్లల చదువు ఎక్కువ ముందుకు సాగినట్టు తేలింది. మీ ముందున్న రెండూ దానికి చెరో వైపున ఉన్నాయి, కాబట్టి ఆ అంకెతో మీకు తేలదు.

నెమ్మదస్తురాలంటున్నారు కదా, తనకు గట్టిగా ఇష్టమైనది ఒకటి ఉందా? ఉంటే పెద్ద స్కూలు భయపడాల్సింది కాదు, అక్కడ అదే ఇష్టం ఉన్నవాళ్లు కనీసం పదిమంది దొరుకుతారు. ఇంకా ఏదీ తేలకపోతే మాత్రం నేనైతే చిన్నదాంట్లోనే వేస్తాను. అక్కడ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లాగుతారు, లాగితేనే కదా తనకేం ఇష్టమో తెలిసేది.

నిర్ణయానికి ముందు రెండు చోట్లకూ తనను తీసుకెళ్లండి. పెద్ద స్కూల్లో, పిల్ల రెండు రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ చేసేది ఎవరో, క్లాస్ టీచర్ ఏటా మారతారో కొన్నేళ్లు అదే పిల్లలతో ఉంటారో అడగండి. జట్టులో చోటు దొరకనివాళ్లకు రెండో జట్టు ఉందా అన్నది తప్పక అడగండి. చిన్నదాంట్లో, టీచర్ మధ్యలో మానేస్తే ఏం చేశారో, ఇద్దరు పిల్లలు గొడవపడితే ఎలా సర్దుతారో అడగండి. ఆపైన భోజనం వేళ కాసేపు ఆగి, ఒంటరిగా కూర్చున్న పిల్లల దగ్గరికి ఎవరైనా వెళ్తున్నారేమో చూడండి. చూసొచ్చాక ఏం గమనించారో, అమ్మాయి ఏమందో రాయండి.