బోటు కట్టే స్ట్రాపుల గురించి మేనల్లుడికి

అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బోటు కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. 16 అడుగుల అల్యూమినియం బోటు, 50 హార్స్‌పవర్ మోటారు, ఒకే ఇరుసు ట్రైలరు. చేపల కోసం వెళ్లేవాడికి మొదటి బోటుగా అంతకన్నా ఏం కావాలి! టెక్సస్‌లో మీ ఫ్రిస్కో నుంచి లేక్ టెక్సోమా చెరువుకి తీసుకెళ్లి అక్కడ దింపుతానన్నావట. నీళ్ల మీద నడపడం నాలుగుసార్లు వెళ్తే వచ్చేస్తుంది. నా బెంగంతా అక్కడికి చేరేదాకా ఉన్న ఆ గంట పైచిలుకు హైవే మీదే. ట్రైలరు మీద బోటు కదలకుండా కట్టే పట్టీలు, అదే స్ట్రాపులు, ఏవి కొనాలి, ఎలా కట్టాలి అని నువ్వడిగినదానికి మెసేజీలో రెండు ముక్కలు రాస్తే సరిపోదనిపించి ఇలా వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చదువు.

ముందు ఆ పాత స్ట్రాపుల సంగతి. బోటు అమ్మినాయన ఇచ్చిన జత రంగు వెలిసి, గరుగ్గా అయిపోయిందని, లేబుల్ కూడా లేదని నువ్వే అన్నావు. వాటిని వాడొద్దు. లేబుల్ లేని స్ట్రాపు ఎంత బరువు ఆపుతుందో ఎవరూ చెప్పలేరు. బోటుకి వేలు పోసి, స్ట్రాపుల దగ్గర యాభై డాలర్లు మిగుల్చుకోవడం మంచిది కాదు. అయినా ఇది నీ బోటుకి ఏమవుతుందన్న లెక్క ఒక్కటే కాదురా. హైవే మీద నీ వెనక వచ్చే కారులో ఎవరి పిల్లలుంటారో మనకి తెలీదు.

మన లంక ఊళ్లలో నావ నీళ్లు దాటి వచ్చేది కాదు. ఒడ్డున గుంజకి ఒక తాడు కడితే పని అయిపోయేది. ఇక్కడి బోటు బతుకంతా చక్రాల మీదే. గంటకి 70 మైళ్ల వేగంతో పోతున్న ట్రైలరు రోడ్డు అతుకు మీద ఎక్కి దిగినప్పుడు ఏం జరుగుతుందో ఒక్కసారి ఊహించుకో. చక్రం ఎగురుతుంది, స్ప్రింగు ట్రైలరుని పైకి తంతుంది, దాని మీదున్న బోటు కూడా లేస్తుంది. ట్రైలరు వెంటనే కిందికి దిగుతుంది. బోటు మాత్రం ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చి పడుతుంది. ఆ క్షణంలో బోటు అడుగుకీ, అది ఆనే, కార్పెట్ చుట్టిన ఆ బంక్ చెక్కలకీ మధ్య వేలెడు ఖాళీ వస్తుంది. పడ్డ ప్రతిసారీ లేచిన చోటే పడదు, ఒక వెంట్రుకవాసి పక్కకో వెనక్కో జరుగుతుంది. పైగా మోటారు బరువంతా వెనక అంచున వేలాడుతోంది కాబట్టి వెనక భాగానికే ఈ కుదుపు ఎక్కువ.

"ముందు వించ్ స్ట్రాపు ఉందిగా మామయ్యా" అంటావేమో. వించ్ పని బోటుని నీళ్లలోంచి ట్రైలరు మీదికి లాగడం. అది బోటుని ముందుకి పట్టుకుంటుంది, కిందికి అదిమిపట్టదు, పక్కకి జరగకుండా ఆపదు. దాని పళ్లచక్రాన్ని ఆపి ఉంచేది బొటనవేలంత ఇనుప నాలుక ఒక్కటే. అందుకే బోటు ముక్కు దగ్గరున్న రింగు నుంచి వించ్ స్తంభానికి ఒక సేఫ్టీ చెయిను విడిగా ఉండాలి. అదే రింగు నుంచి ట్రైలరు ముందు భాగానికి, కిందికి లాగేలా ఇంకో స్ట్రాపు ఉంటే మరీ మంచిది. ముందు వైపుకి ఇవి చాలు. బోటుని ట్రైలరుకి నిజంగా కట్టి ఉంచేవి వెనక ఉండే రెండు స్ట్రాపులు. డబ్బు, శ్రద్ధ రెండూ వాటి మీదే ఎక్కువ పెట్టు.

ఏ స్ట్రాపు కొనాలో తెలియాలంటే ముందు బరువు తెలియాలి. చాలామంది ఇక్కడే పొరబడతారు. బ్రోషర్‌లో రాసే బరువు సాధారణంగా ఖాళీ బోటుది. నీది 750 పౌండ్లు అనుకుందాం. మోటారు ఓ 250. పెట్రోలు గాలనుకి సుమారు 6 పౌండ్లు, 12 గాలన్ల ట్యాంకు నిండితే 72. బ్యాటరీలు రెండూ కలిపి వందకి పైనే. ట్రోలింగ్ మోటారు (చేపలు పట్టేటప్పుడు మెల్లగా నడిపే చిన్న బ్యాటరీ మోటారు), లంగరు, ఐస్‌బాక్సు, లైఫ్ జాకెట్లు, నీ గాలాల సరంజామా ఇంకో 150 వేసుకో. రోడ్డెక్కేసరికి 1,300 దాటిపోయింది చూశావా?

ఇప్పుడు షాపులో స్ట్రాపు చేతిలోకి తీసుకో. డబ్బా మీద పెద్దక్షరాల్లో 3,000 పౌండ్లు అని ఉంటుంది. సంబరపడకు. అది బ్రేక్ స్ట్రెంగ్త్, అంటే కొత్త స్ట్రాపు తెగిపోయే బరువు. స్ట్రాపుకి కుట్టిన చిన్న లేబుల్ వెతికి పట్టుకో. దాని మీద వర్కింగ్ లోడ్ లిమిట్ అని ఇంకో అంకె ఉంటుంది, మామూలుగా మొదటిదానిలో మూడో వంతు. 3,000 అని చెప్పిన స్ట్రాపు మీద మనం నమ్మకంగా వేయగలిగింది 1,000 మాత్రమే. లెక్క ఎప్పుడూ ఈ చిన్న అంకెతోనే వేసుకో. ఇక్కడి ఫెడరల్ రూల్స్ ప్రకారం సరుకు లారీలకి, కట్టిన స్ట్రాపులన్నిటి వర్కింగ్ లోడ్ లిమిట్ కలిపితే సరుకు బరువులో కనీసం సగం ఉండాలి. ఆ రూలు సరుకు రవాణా బళ్ల కోసం పెట్టింది, కానీ సొంత బోటు లాగేవాడికి కూడా అంతకంటే తక్కువ ఉండకూడదని నా అభిప్రాయం. నేనైతే సగంతో ఆగను. వెనక రెండిటి అంకె కలిపితే బోటు పూర్తి బరువు రావాలి. నీ బోటుకి ఒక్కోటి 700 అంతకు పైన ఉన్నది చూసుకో.

అలాగని లారీలవాళ్లు వాడే పెద్ద స్ట్రాపులు, 10,000 పౌండ్లకి తెగేవి, తెచ్చేయకు. వాటి రాట్చెట్ (స్ట్రాపుని పంటి పంటికీ బిగించే పళ్లచక్రం బకిల్) పిడి పొడుగ్గా ఉంటుంది. చేత్తో లాగినట్టే ఉంటుంది కానీ అవతల పడే బలం మనకి తెలీదు. అల్యూమినియం బోటు వెనక పలకకున్న రింగు బోల్టులు వంగిపోతాయి. గట్టిగా ఉండాలి కదా అని అతిగా బిగించి బోటుని పాడుచేసుకున్నవాళ్లు బోట్లు నీళ్లలోకి దింపే ర్యాంపు దగ్గర చాలామందే కనిపిస్తారు.

బట్ట విషయంలో రెండో ఆలోచన వద్దు, పాలియెస్టర్ తీసుకో. నైలాన్ కూడా బలమైనదే, కానీ సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది. ఇంటి దగ్గర బిగించిన స్ట్రాపు దారిలో వాన పడితే వదులైపోతుంది. పాలియెస్టర్ నీళ్లు పెద్దగా పీల్చదు, ఎండని కూడా మెరుగ్గా తట్టుకుంటుంది. టెక్సస్ ఎండ సంగతి నీకు చెప్పాలా! చవగ్గా దొరికే పాలీప్రొపిలీన్ పసుపు స్ట్రాపుల జోలికి వెళ్లకు, ఎండకి పెళుసెక్కుతాయి.

వెడల్పు అంగుళమా, రెండా అన్నావు. లెక్క ప్రకారం అంగుళంది కూడా సరిపోవచ్చు. నా ఓటు మాత్రం రెండంగుళాలకే. ఎక్కడో రాసుకుని అంచు కాస్త చిరిగితే అంగుళం స్ట్రాపులో పావు వంతు పోయినట్టు, రెండంగుళాల దాంట్లో అది ఎనిమిదో వంతే. చిరుగు కనపడగానే మార్చాలనుకో, కానీ కనపడేది ఇల్లు చేరాకే కదా.

పొడవు చాలామంది పట్టించుకోరు. వెనక రింగు నుంచి ట్రైలరు ఫ్రేముకి దూరం రెండు మూడడుగులకి మించదు. టేపు పెట్టి కొలుచుకుని, దానికి తగ్గట్టు నాలుగడుగుల లోపు ఉన్న జత కొనుక్కో. సెట్టుకి నాలుగు చొప్పున అమ్మే పదిహేనడుగులవి కొంటే పన్నెండడుగుల తోక మిగులుతుంది. అది ముడివిప్పుకుని చక్రంలోకి పోతే స్ట్రాపు ఉన్నా లేనట్టే. పొట్టి స్ట్రాపు సాగేదీ తక్కువే.

బకిల్ రాట్చెట్‌ది ఉండాలి. చేత్తో లాగి వదిలేసే క్యామ్ బకిల్ కారు మీద కయాక్ లాంటి చిన్న తెడ్డు పడవ కట్టుకోవడానికి బాగుంటుంది, ఈ బరువుకి చాలదు. ట్రైలరుకే బోల్టు బిగించి, స్ట్రాపు దానంతటదే లోపలికి చుట్టుకునే రకం కూడా ఉంది. ఖరీదెక్కువ, సుఖమూ ఎక్కువే. ఈ సీజన్ అంతా మామూలువి వాడి, నచ్చితే వచ్చే ఏడు పెట్టించుకో.

కొక్కేల దగ్గర మాత్రం జాగ్రత్త. స్ట్రాపు ఎంత మంచిదైనా నోరు తెరిచి ఉన్న ఎస్ ఆకారం కొక్కెం నాకు నచ్చదు. ఇందాక చెప్పిన కుదుపులో బోటు కిందికి నొక్కుకున్న క్షణాన స్ట్రాపు కాస్త వదులవుతుంది. అంతే, కొక్కెం తిరిగి జారిపోతుంది. ఆ తర్వాత అర కిలో ఇనుము స్ట్రాపు చివర వేలాడుతూ ట్రైలరుని కొడుతూ వస్తుంది. నోటికి అడ్డంగా స్ప్రింగు నాలుక ఉన్న కొక్కేలు చూసి కొను. ఎస్ కొక్కేలే దొరికితే, నాలుక ఉన్నవీ పైన ప్లాస్టిక్ పూత ఉన్నవీ తీసుకో, రంగు గీసుకుపోదు. గాల్వెస్టన్ వైపు ఉప్పునీళ్లకి వెళ్లే ఆలోచన ఉంటే స్టెయిన్‌లెస్ స్టీలుకి పెట్టిన డబ్బు వృథా కాదు.

ఇక కట్టడం. ముందు ముక్కు సంగతి చూడు. అది వించ్ దగ్గరి రబ్బరు రోలరుకి ఆనుకుని ఉండాలి. వించ్ బిగించు, చెయిను తగిలించు, ఆ తర్వాతే వెనక్కి రా. పైన బోటు వెనక పలక రింగులో ఒక కొక్కెం, కింద ట్రైలరు ఫ్రేములో ఇంకోటి. ఫ్రేము అంటే ఫ్రేమే. మడ్‌గార్డుకి, లైట్లు బిగించిన పట్టీకి, బంక్ చెక్కకి తగిలించకు. ట్రైలరు వెనక అడ్డకమ్మీకి కొక్కెం పట్టే కన్నం లేకపోతే వెల్డింగ్ షాపులో రెండు రింగులు పెట్టించుకో, పెద్ద పనేం కాదు. బోటు రింగు బోల్టుకి లోపలి వైపున వెడల్పు పలక వేసి నట్టు బిగించి ఉందో లేదో ఒకసారి వంగి చూడు. ఉత్త స్క్రూలతో ఉంటే దాన్ని నమ్మొద్దు. స్ట్రాపు వీలైనంత నిటారుగా కిందికి లాగాలి. వదులంతా చేత్తోనే లాగేసి, తర్వాత రాట్చెట్ తిప్పు. రాట్చెట్ ఇరుసు మీద రెండు మూడు చుట్లు పడాలి, ఒక్క చుట్టుతో ఆగితే జారుతుంది. మరీ ఎక్కువ చుడితే లోపల ఇరుక్కుని ర్యాంపు దగ్గర విప్పలేక తిప్పలు పడతావు. స్ట్రాపు మెలిపడకుండా చూసుకుని, పిడి పూర్తిగా మూసి, మిగిలిన తోకని చుట్టి కట్టెయ్యి.

సరిగ్గా బిగిసిందో లేదో తెలుసుకోవడానికి నేను చూసేదొకటే. బోటు అంచు మీద రెండు చేతులూ వేసి గట్టిగా కిందికి, పక్కకి ఊపు. బోటు, ట్రైలరు ఒకే ముక్కలా కదిలి స్ప్రింగులు నొక్కుకుంటే సరే. ట్రైలరు నిలబడి బోటు ఒక్కటే కదిలితే ఇంకో రెండు పళ్లు బిగించు.

బయలుదేరాక 75 హైవే ఎక్కి మెకిన్నీ దాటగానే ఏదో పెట్రోలు బంకులో ఆగు. కొత్త స్ట్రాపులు మొదటి కొన్ని మైళ్లలో సర్దుకుంటాయి, బోటు కూడా బంక్ చెక్కల మీద కుదురుకుంటుంది, దాంతో కాస్త వదులు రావడం మామూలే. లారీ డ్రైవర్లు మొదటి 50 మైళ్లలోపు ఒకసారి దిగి చూసుకోవాలని రూలు. నువ్వు అంతదాకా ఆగకు. ఎలాగూ దిగావు కాబట్టి చక్రం మధ్యనుండే హబ్ మీద చెయ్యి పెట్టి వేడి కూడా చూడు.

టెక్సోమా దగ్గర ర్యాంపుకి కాస్త దూరంలో బళ్లు నిలిపి సర్దుకునే చోటు ఉంటుంది. వెనక స్ట్రాపులు అక్కడే విప్పేసి ట్రక్కులో పెట్టెయ్. విప్పడం మరిచిపోయి ట్రైలరుని నీళ్లలోకి దింపితే బోటు తేలలేదు, వెనక పలక మీదుగా నీళ్లు లోపలికొస్తాయి. వించ్ స్ట్రాపు, చెయిను మాత్రం బోటు నీళ్లు తాకేదాకా తీయొద్దు. తీస్తే ఏటవాలు కాంక్రీటు మీదే బోటు జారి పడుతుంది. బోటు అడుగున నీళ్లు పోయే కన్నానికి బిరడా, అదే డ్రెయిన్ ప్లగ్గు, పెట్టావా లేదా అన్నదీ అప్పుడే చూసుకో. తిరిగి వచ్చేటప్పుడు వరుస తిరగెయ్యి: నీళ్లలోనే వించ్, చెయిను, పైకొచ్చాక అదే చోట వెనక స్ట్రాపులు. ఎంత చీకటి పడినా, వెనక ఎంతమంది హారన్ కొట్టినా సరే, ఆ రెండూ కట్టకుండా రోడ్డెక్కొద్దు.

చెరువు వదిలి వెళ్లేముందు బోటులో నీళ్లన్నీ తీసేయడం టెక్సస్‌లో చట్టం. జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్పలు ఒక చెరువు నుంచి ఇంకోదానికి పాకకుండా పెట్టారు. రాష్ట్రంలో వాటిని మొదట చూసింది ఈ టెక్సోమాలోనే, 2009లో. తడిసిన స్ట్రాపుల మడతల్లో కూడా నీళ్లుంటాయి. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, గరాజ్‌లో నీడన వేలాడదీసి పూర్తిగా ఆరనివ్వు. తడిగా డబ్బాలో కుక్కితే రాట్చెట్ తుప్పు పడుతుంది. సీజన్ మొదట్లో ఒకసారి స్ట్రాపుని చివరి నుంచి చివరిదాకా వేళ్ల మధ్య లాగి చూడు. కోత గానీ, కుట్టు ఊడడం గానీ, కరిగి గట్టిపడిన మచ్చ గానీ, రంగు పోయి బిరుసెక్కడం గానీ కనపడితే ఇక వాడకు. తెగినచోట ముడేసి వాడదామనుకుంటావేమో, ముడి పడ్డ స్ట్రాపు బలం బాగా తగ్గిపోతుంది. పారేసేటప్పుడు మధ్యకి కత్తిరించి పారెయ్యి. చెత్తబుట్ట పక్కన బాగున్నట్టు కనిపిస్తే ఇంకెవరో తీసుకెళ్లి కట్టుకుంటారు.

కొనేటప్పుడు రెండు జతలు కొను, ఒకటి ఎప్పుడూ ట్రక్కులోనే ఉండాలి. కట్టడం మొదటిసారి కాబట్టి శుక్రవారం సాయంత్రం వెలుతురుండగానే మొదలుపెట్టు, నాకు వీడియో కాల్ చెయ్యి. మీ అత్తయ్య అమ్మాయిని అడిగానని చెప్పమంది. పిల్లల లైఫ్ జాకెట్లు వాళ్ల సైజువే తీసుకున్నారో లేదో కూడా రాయి.

ఇట్లు,
మామయ్య