టేబుల్ కోసం వెళ్ళి మంచానికి అప్పు చెయ్యకండి

ప్రశ్న: అమ్మానాన్నలతో కలిసి మేం తిరుపతి కొర్లగుంటలో ఉంటాం. నాకు 38 ఏళ్ళు. రేణిగుంట దగ్గర ఒక కంపెనీలో సూపర్‌వైజర్‌ని. జీతం చేతికి 41,000 వస్తుంది. ఇంటి లోను ఈఎంఐ 13,200, ఇంటి ఖర్చు 15,000, చీటీ 5,000 (2 లక్షల చీటీ, 40 నెలల్లో ఇది 22వ నెల), మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే సిప్ 5,000 పోతాయి. ఫండ్‌లో 1,10,000, బ్యాంకులో 19,000 ఉంది. నెల కిందట నాన్న (71) మెట్ల మీద జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బిల్లు ఆఫీసు గ్రూపు పాలసీలో అయిపోయింది. ఫిజియో వారానికి మూడుసార్లు ఇంటికొస్తారు, సారికి 400. నాన్న కూర్చుని తినడానికి మంచానికి తగిలించే మడత టేబుల్ కోసం సర్జికల్ షాపుకు పోతే, మా మూడున్నర అడుగుల బాక్సు మంచానికి అది పట్టదన్నారు. మోటారు మంచం 61,000, ఎయిర్ బెడ్ 6,500, టేబుల్ 6,500, మొత్తం సెట్ 74,000 అన్నారు. నగదైతే 68,500. లేదంటే వడ్డీ లేని ఈఎంఐ, నెలకు 6,167 చొప్పున 12 నెలలు, ఫీజు 1,499, దాని మీద జీఎస్‌టీ. 2,000 అడ్వాన్సు ఇచ్చొచ్చాను. ఫోన్‌లో ఒక యాప్ 75,000 ఇస్తానంటోంది, నెలకు 9,900 చొప్పున 9 నెలలు. నా భార్య నగలు అయిదు సవర్లు ఉన్నాయి. ఈఎంఐ, యాప్, బంగారం – ఏది మేలు? చీటీ పాడెయ్యమంటారా? ఈ మంచం, టేబుల్ బిల్లు పాలసీలో వస్తుందా?

జవాబు: మూడూ వద్దు, చీటీ కూడా పాడకండి. బిల్లు పాలసీలో రాదు.

ఆస్పత్రి ఖర్చుకు పాలసీ ఉంది కదా అని నిశ్చింతగా ఉండి, మనిషి ఇంటికొచ్చిన మొదటి వారంలోనే అప్పు కోసం ఫోన్ తియ్యడం చాలా ఇళ్ళల్లో జరుగుతున్న పొరపాటు. అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. మీకు కావలసింది నాలుగు వేల లోపు వస్తువు. అది మంచానికి పట్టదన్న ఒక్క మాట మీద 74,000 లెక్క మొదలైంది.

ముందు అప్పు సంగతి. షాపు వాళ్ళది వడ్డీ లేని ఈఎంఐ కాదు. నగదు ధర 68,500 అయినప్పుడు 74,000 కట్టించుకుంటే ఆ తేడా 5,500 వడ్డీ కాక మరేమిటి? ఫీజు, జీఎస్‌టీ కలిపి 1,769 ముందే పోతుంది. వాయిదాల మీద లెక్కేస్తే ఏడాదికి 19 శాతం దాటుతోంది. యాప్ సంగతి ఇంకా ఘోరం. 75,000కు మీరు కట్టేది 89,100. ప్రాసెసింగ్ ఫీజు పట్టుకోకుండా 75,000 మొత్తం చేతికి వస్తుందని మీరు రాయలేదు, నాకూ నమ్మకం లేదు. 3,000 ఫీజు, జీఎస్‌టీ కోసుకుని ఇస్తే చేతికొచ్చేది 71,460. అప్పుడు వడ్డీ నెలకు 4.6 శాతం, ఏడాదికి 55 శాతం పైమాటే. అప్పు ఇచ్చే ముందు వార్షిక వడ్డీ రేటుతో సహా ముఖ్య వివరాల పత్రం చూపాలనీ, ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోల జోలికి పోకూడదనీ రిజర్వు బ్యాంకు 2022 నుంచి చెబుతూనే ఉంది. ఆ పత్రం తెరిచి చదవకుండా ‘అంగీకరిస్తున్నాను’ నొక్కేవాళ్ళకు ఏ నిబంధన అడ్డం పడుతుంది?

మీ నెల లెక్క చూడండి. 41,000లో 38,200 ఇప్పటికే పేరు రాసుకుని ఉంది. మిగిలేది 2,800. ఫిజియోకు నెలకు 12 సార్లంటే 4,800. అంటే ఏ అప్పూ లేకుండానే 2,000 లోటు. దాని మీద 6,167 వేసినా, 9,900 వేసినా మూడో నెలకు క్రెడిట్ కార్డు మీద పడతారు. బంగారం లోను యాప్ కన్నా ఎంతో నయమే, కానీ ఆ అవసరం మీకు రాలేదు. చీటీ ఇప్పుడు పాడితే పాటలో పోయేది పోను, మిగిలిన వాయిదాలు ఎలాగూ కట్టాలి.

ఇక టేబుల్. షాపు వాళ్ళు చెప్పింది సగం నిజం. చక్రాల స్టాండు మీద ఉండే టేబుల్ అడుగు కాళ్ళు మంచం కిందికి దూరాలి, దానికి నాలుగైదు అంగుళాల సందు కావాలి. బాక్సు మంచం నేల దాకా మూసి ఉంటుంది కాబట్టి అది దూరదు. రెండు పక్కల రెయిలింగుల మీద పలకలా ఆనించే రకం ఆస్పత్రి మంచానికే పనికొస్తుంది. కానీ మీరడిగింది మూడో రకం: మంచం పక్క చెక్కకు బిగించి, తిన్నాక మడిచి దించేసేది. దీన్ని వెల్డింగ్ షాపువాడు, వడ్రంగి కలిసి రెండు రోజుల్లో చేసిస్తారు. కొలతలు మీరే తీసుకెళ్ళండి, వాళ్ళ అంచనాకు వదిలితే ఎత్తు తప్పుతుంది.

పలక 26 అంగుళాల పొడవు, 14 అంగుళాల వెడల్పు, 12 ఎంఎం ప్లైవుడ్, రెండు వైపులా సన్‌మైకా. పలక ఒక్కటే మూడు కేజీల లోపు ఉంటుంది. గట్టిగా ఉండాలని 18 ఎంఎం వేయిస్తే ఆ అదనపు బరువు రోజంతా బిగింపు మీదే పడుతుంది. మూడు అంచులకు బీడింగు పావు అంగుళం పైకి లేచి ఉండాలి, చెంబు జారదు. నాన్నగారి పొట్ట వైపు అంచు మాత్రం బీడింగు లేకుండా గుండ్రంగా రుద్దించండి. నిలువు కడ్డీ అంగుళం చదరపు పైపు, 2 ఎంఎం మందం. అది పెద్ద పైపులో ఎక్కి దిగేలా అంగుళానికో రంధ్రం, పిన్ను పెట్టించండి. రెండు పైపుల మధ్య వదులు మిగులుతుంది. అక్కడ నైలాన్ ముక్క పెట్టి నాబ్ బోల్టుతో బిగించకపోతే ముద్ద ముద్దకూ టేబుల్ ఊగుతుంది. మడతకు పియానో హింజ్ (పలక పొడవునా ఉండే బందు), కింద లాక్ పడే ఫోల్డింగ్ బ్రాకెట్లు రెండు. లాక్ లేని బ్రాకెట్ వద్దు. ఎవరి మోచెయ్యి తగిలినా పలక కిందికి వాలి పులుసు ఒళ్ళో పడుతుంది.

ఎక్కువగా చెడేది బిగింపు దగ్గరే. సంగటి కంచం, పులుసు గిన్నె, నీళ్ళ చెంబు కలిపి రెండు మూడు కేజీలే. కానీ మనిషి మోచేతులు ఆనిస్తాడు. కొసన పది కేజీల భారం పడిందనుకోండి, అది రెండడుగుల దూరం నుంచి లాగుతుంది. నాలుగు అంగుళాల పట్టు దగ్గర అది అరవై కేజీల లాగుడు. చెక్క మరలు ఈ లాగుడికి నెలలో ఊడొస్తాయి. అందుకని 8 ఎంఎం బోల్టులు నాలుగు, చెక్క ఇవతలి నుంచి అవతలికి తీసి, లోపలి వైపు ఆరు అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు ఇనుప పట్టీ పెట్టి నట్లు బిగించాలి. మంచం పక్క చెక్క ప్లైవుడ్ అయితేనే ఇది. పార్టికల్ బోర్డు అయితే బోల్టు చుట్టూ పొడిలా రాలుతుంది. అప్పుడు పైపును నేల దాకా దించి అక్కడ ఒక కాలు ఇప్పించండి, బరువు నేల మోస్తుంది. డబుల్ కాట్‌కు కూడా ఈ పద్ధతి చెప్పను, మధ్య దాకా చాచితే లాగుడు మరీ పెరుగుతుంది.

ఎత్తుకు కొలత: నాన్నగారిని ఫిజియో చెప్పిన కోణంలో కూర్చోబెట్టి, పరుపు నుంచి మోచేతి దాకా కొలవండి. సాధారణంగా తొమ్మిది నుంచి పదకొండు అంగుళాల మధ్య వస్తుంది. దూది పరుపైతే మనిషి కూర్చున్నాక దిగుతుంది కాబట్టి ఖాళీ మంచం మీద కొలిస్తే లాభం లేదు. పొట్టకూ పలకకూ మధ్య నాలుగు వేళ్ళ సందు ఉండాలి. ఆయన ఏ పక్కకు దిగి వాకర్ అందుకుంటారో ఆ పక్క ఖాళీగా వదిలి, టేబుల్ రెండో పక్కన బిగించండి. మంచం గోడకు ఆనించి ఉంటే రెండడుగులు ఇవతలికి జరపండి. తెచ్చిన రోజే పలక కొసన పది లీటర్ల నీళ్ళ క్యాన్ పెట్టి పది నిమిషాలు చూడండి. అర అంగుళం కన్నా వంగినా, బిగింపు కదిలినా వెనక్కి పంపండి. లేవడానికి టేబుల్ పట్టుకోకూడదని ఆయనకు, అమ్మగారికి గట్టిగా చెప్పండి. రెండోసారి పడితే మళ్ళీ ఆపరేషనే.

ఇదంతా కలిపి మూడు నుంచి నాలుగు వేలలో తేలాలి. 3,500 అనుకుందాం. తల వైపు ఎత్తడానికి మోటారు మంచం అక్కర్లేదు, కోణం మార్చుకునే బ్యాక్‌రెస్ట్ పరుపు మీద పెడితే సరిపోతుంది. తుంటి ఆపరేషన్ అయినవాళ్ళకు టేబుల్ కన్నా ముందు కావలసినవి వాకర్, కమోడ్ కుర్చీ. ఈ రెండూ షాపు వాళ్ళ సెట్‌లో లేవు! కొట్టు కొట్టుకూ ధర మారుతుంది, రుయా, స్విమ్స్ ఆస్పత్రుల చుట్టుపక్కల రెండు మూడు చోట్ల విడివిడిగా అడగండి. బ్యాక్‌రెస్ట్, వాకర్, కమోడ్ కుర్చీ మూడింటికీ 6,400 పెట్టుకుందాం. టేబుల్‌తో కలిపి 9,900. యాప్ వాళ్ళ ఒక్క నెల వాయిదా అంతే. ఎయిర్ బెడ్ కొనాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి. ఆయన తనంతట తాను పక్కకు తిరగలేకపోతే, వీపు కింద ఎర్రబడుతుంటే ఆలస్యం చెయ్యకండి. ఎత్తు మారే మంచమే కావాలని డాక్టరు రాస్తే అద్దెకు తెచ్చుకోండి. మూడు నెలల అవసరానికి 61,000 పెట్టి కొన్న మంచం తర్వాత సగం ధరకు అమ్మడం కూడా కష్టం.

అసలు నాకు కోపం తెప్పించింది మీ బ్యాంకు నిల్వ. 38 ఏళ్ళ వయసు, ఇంటి లోను, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు, చేతిలో 19,000. చీటీ, సిప్ నడుస్తున్నాయి కదా అంటారు. అవి రేపు పొద్దున ఫిజియోకు ఇవ్వడానికి పనికిరావు. మీ తప్పనిసరి ఖర్చు (ఈఎంఐ, ఇల్లు, చీటీ) నెలకు 33,200. ఆరు నెలలకు 1,99,200. దీనికి తోడు డెబ్బై దాటినవాళ్ళు ఉన్న ఇంట్లో ఇంటి దగ్గరి వైద్యానికి విడిగా 50,000 ఉండాలంటాను. వాకర్లు, డైపర్లు, పనిమనిషి, ఆటోలు, అన్నీ ఇందులోంచే. మొత్తం రెండున్నర లక్షలు. ఎక్కువనిపిస్తే మీరు తియ్యబోయిన అప్పు లెక్క మళ్ళీ చదవండి.

ఇది ఎలా కూడుతుందంటే, ఫండ్ నుంచి ఈ వారమే 50,000 తియ్యండి. ముందు కొన్న యూనిట్లే ముందు పోతాయి, అవి ఈక్విటీ ఫండ్‌లో ఏడాది దాటినవైతే లాభం మీద పన్ను మీ స్థాయిలో పడదు. సిప్ ఆపండి. ఆపితే దండన ఏమీ లేదు. ఆ 5,000, మిగులు 2,800 కలిపి 7,800 అవుతుంది. ఫిజియో 4,800 పోను 3,000 ఈ నిధికి వెళ్తుంది, ఫిజియో అయిపోయాక మొత్తం 7,800 వెళ్తుంది. లక్ష చేరేదాకా సిప్ మాట ఎత్తకండి, తర్వాత సగం నిధికి, సగం సిప్‌కు. ఇంకో 18 నెలల్లో చీటీ డబ్బు చేతికొస్తుంది, మిగతా లోటు దాంతో పూడ్చండి, బండి కొనకండి. ఈ డబ్బు జీతం పడే ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, దాన్ని ఏ యూపీఐ యాప్‌కూ కలపకండి. యాభై వేలు ఖాతాలో, మిగతాది స్వీప్ డిపాజిట్‌లో (అవసరమైనప్పుడు తానే ఖాతాలోకి వచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్) చాలు. దీనికి మంచి రాబడి వెతకాల్సిన పని లేదు.

పాలసీ విషయం రెండు ముక్కల్లో. ఆరోగ్య పాలసీల్లో చెల్లించని వస్తువుల జాబితాలో వాకర్ వంటి నడక సాధనాలు, ఎయిర్ బెడ్, డైపర్లు, అటెండెంటు ఖర్చు, ప్రైవేటు నర్సు ఖర్చు ఉంటాయి. ఇంట్లో కొన్న మంచం, టేబుల్ వైద్య ఖర్చు కిందకే రావు. అయితే డిశ్చార్జి తర్వాత 60 లేదా 90 రోజుల దాకా మందులు, పరీక్షలు, డాక్టరు రాసిన ఫిజియో చాలా పాలసీల్లో వస్తాయి. మీ గ్రూపు పాలసీలో ఎన్ని రోజులో హెచ్‌ఆర్‌ను రేపే అడగండి. ఫిజియో దగ్గర సారికో రసీదు తేదీతో తీసుకోండి. నెలకు 4,800 ఊరికే వదులుకుంటున్నారేమో.

ఉద్యోగం మారిన రోజు ఆ గ్రూపు పాలసీ ఉండదు. అమ్మగారికి, మీ దంపతులకు సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. 2024 నుంచి 65 దాటినవాళ్ళకు కూడా కంపెనీలు పాలసీలు అందుబాటులో ఉంచాలి, ముందున్న జబ్బులకు క్లెయిము కోసం ఆగాల్సిన గడువు (వెయిటింగ్) మూడేళ్ళు మించకూడదు, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీ ప్రీమియం మీద జీఎస్‌టీ కూడా లేదు. ప్రపోజల్ ఫారంలో అమ్మగారి బీపీ, షుగర్ ఉంటే దాచకండి. నాన్నగారికి ఆపరేషన్ అయిందని రాసి అడగండి, ప్రీమియం పెంచి అయినా ఇస్తే తీసుకోండి.

షాపులో ఇచ్చిన 2,000 అడ్వాన్సు వెనక్కి ఇవ్వమంటే గొణుగుతారు. సెట్ వద్దు, వాకర్, కమోడ్ కుర్చీ ఇక్కడే తీసుకుంటాం, ఆ డబ్బు వాటిలో సర్దండని చెప్పి, బిల్లు ఆ రెండింటికే రాయించుకోండి. ఈఎంఐ కాగితం మీద మీ సంతకం గానీ, ఫోన్‌కు వచ్చిన ఓటీపీ గానీ ఇప్పటికే ఇచ్చి ఉంటే ఇవాళే రాతపూర్వకంగా రద్దు చేయించి, బ్యాంకు ఖాతాలో ఆటో డెబిట్ మ్యాండేట్ మిగిలిపోలేదని చూసుకోండి.